బొటనవేలి గుంట

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ అతను సానమామే. కొట్టంటే ఒక గుమ్మం, ఒక బల్ల, కాలితో తొక్కితే తిరిగే సానరాయి, అంతే. పొద్దున్నే రాయి మీద నాలుగు నీటిచుక్కలు చల్లి, "నేను పెట్టిన పదునుకి ఎవరి వేలూ తెగనివ్వకు స్వామీ" అని దండం పెట్టుకున్నాకే పనికి కూర్చుంటాడు. ఎవరి కత్తి తిరిగి ఇచ్చినా మొనకు గుడ్డపేలిక చుట్టి మరీ ఇస్తాడు.

ఒకనాడు పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ వచ్చి బల్ల మీద మూట విప్పింది. పెచ్చులు పెచ్చులుగా తుప్పు రాలింది.

"ఇది కత్తా తల్లీ! గునపంతో తవ్వి తెచ్చావా?"

"వేళాకోళం చాలుగానీ మామా, మా అత్తయ్యది. అటక మీద దొరికింది. చూపు పోయిన దగ్గర్నుంచి ఆవిడ మంచం దిగట్లేదు. కొత్త కత్తి పట్టుకోవాలంటే భయం. తన కత్తయితే చేతికి తెలుసట. అదొక్కటీ ఉంటే మళ్లీ వంటింట్లో కూర్చుంటానంది."

ఆ మాటకు సానమామ మనసు కరిగిపోయింది. కత్తి అలుగును వెనిగర్‌లో నానబెట్టాడు. మర్నాడు స్టీలు పీచుతో తోముతుంటే ఎర్రటి బురద కారింది. తుప్పు లోతుగా తిన్నచోట ఉప్పుకాగితం పెట్టి ఓపిగ్గా రుద్దాడు. చివరికి అడుగు నుంచి తెల్లటి ఇనుము తొంగిచూసింది. సాన పట్టి పదును తేల్చేసరికి అతనికి హుషారెక్కింది. ఇంత పనీ చేసి ఈ నల్లటి, గుంటపడ్డ పిడిని ఉంచడమా? ఎవరూ అడక్కుండానే నున్నటి కొత్త పిడి బిగించాడు. పాతదాన్ని పొయ్యిలో పెట్టి టీ కాచుకున్నాడు.

తనే స్వయంగా తీసుకెళ్లాడు. ముసలావిడ మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులూ చాపింది. పిడి పట్టుకుంది. బొటనవేలు అటూ ఇటూ వెతికింది. ముఖం వాడిపోయింది.

"ఇది నాది కాదే."

"మీదే అత్తయ్యా!"

"మరి నా వేలు కూర్చునే చోటేదే?"

సానమామకు అప్పుడు అర్థమైంది. ఆవిడ ఏళ్ల తరబడి పట్టి పట్టి అరగదీసిన గుంట అది. దాన్ని లోపమనుకున్నాడు!

"అమ్మా... నేనే మార్చాను. పాతది పొయ్యిలో పెట్టేశాను. టీ కాచుకున్నాను."

కోడలు కొయ్యబారిపోయింది.

"టీ బాగా కాగిందా నాయనా?" అంది ముసలావిడ.

అతను తల వంచుకున్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

"అంత కష్టపడి తోమావు. ఊరికే పోనిస్తానా? అమ్మాయ్, ఒక ఉల్లిపాయ పట్రా."

"వద్దత్తయ్యా, చెయ్యి తెగుతుంది!"

"తెగితే ఈయనే కట్టు కడతాడు. ఆ గుంట మాత్రం ఒక్కరోజులో పడిందా ఏమిటి?"

కోడలు ఉల్లిపాయ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. మొదటి ముక్క వేలెడు లావున పడింది. ఆవిడ దాన్ని తడిమి చూసి, "ఇది ఎద్దుకి పెట్టచ్చు" అని నవ్వి, మళ్లీ కత్తి ఆనించింది. రెండో ముక్క పడేదాకా సానమామ ఊపిరి తీసుకోలేదు.