చిన్నాయన మొహమాటం

మా చిన్నాయన పోయారని పాకాల నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు. నేను పనిచేసేది తిరుపతిలో ఒక ఆసుపత్రిలో. గుండె డాక్టరు గది మా కౌంటర్‌కు ఎదురుగానే ఉంటుంది. పడుకుంటే ఊపిరాడక, చిన్నాయన కొన్నాళ్ళుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారట. ఆ సంగతి ఆయన పోయాక తెలిసింది నాకు.

"నీకు చెప్తానంటే వద్దనె పాపా," అంది చిన్నమ్మ. "దానికి డ్యూటీ ఉండాది, యాల ఇబ్బంది పెట్టేది అనె."

ఆ మాటన్న చిన్నాయన ఎలాంటి మనిషో మీకు చెప్పాలి. నౌకాదళంలో డైవర్‌గా చేసి రిటైరయ్యాక, వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగడం పుదుచ్చేరిలో నాలాంటివాళ్ళకు నేర్పేవారు. మేం చేపలు చూద్దామని పోతే, తోటివాడికి గాలి అయిపోతే మన గాలి ఎలా పంచాలన్నదొక్కటే పొద్దస్తమానం చేయించేవారు. మన నోట్లో ఉన్న గాలి గొట్టం తీసి అవతలివాడికివ్వాలి, ఛాతీ మీద వేలాడే రెండోది మనం పెట్టుకోవాలి. రెండోదే ఇవ్వొచ్చు కదా అని నేను విసుక్కునేదాన్ని.

"నోట్లో ఉండేది బాగుండాదని నీకు తెలుసు కదా. భయంలో ఉండేవానికి అదే ఇయ్యల్ల," అనేవారు. బస్సులో కిటికీ సీటు దొరికినా పక్కవాళ్ళకే ఇచ్చేసే మనిషి.

ఒకసారి నిజంగానే నా గాలి అయిపోయింది. గాలి మీటరులో ముల్లు ఎర్ర గీత దాటడం చూశాను. నా ఒక్కదాని కోసం అందరూ పైకి రావాల్సొస్తుందని ఊరుకున్నాను. కాసేపటికి ఎంత పీల్చినా ఏమీ రాలేదు. గాలి లేదన్న గుర్తుగా గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించాను. ఆయన తన నోట్లోది తీసి నాకిచ్చి, నా భుజం పట్టీ గట్టిగా పట్టుకుని మెల్లగా పైకి తెచ్చారు. రబ్బరు వాసన వేసే ఆ గాలి కంటే మంచి గాలి నేనింతవరకూ పీల్చలేదు.

పడవలో తిట్టారు. "తగ్గతా ఉండాదని ముందే యాల చెప్పలేదు?"

"అందరికీ ఇబ్బందని..."

"ఇబ్బంది పెట్టు. మొగమాటపడితే సస్తావు."

మరి ఆయనో? నన్ను ఇబ్బంది పెడితే ఏం పోయేది? ఆయన నాకిచ్చినదానికి బదులుగా నేను ఇవ్వగలిగింది ఆ డాక్టరు గది తలుపు తీసి లోపలికి తీసుకెళ్ళడమొక్కటే. అది కూడా చేయనివ్వలేదు.

పోయిన నెల నన్ను రైలెక్కించడానికి పాకాల స్టేషన్‌కు వచ్చారు. వంతెన మెట్లు సగం ఎక్కి కమ్మీ పట్టుకుని ఆగిపోయారు.

"ఆయాసమా చిన్నాయనా?" అన్నాను.

"ఎండ పాపా. నువ్వు పో, బండి వచ్చేస్తాది."

అవతలి ప్లాట్‌ఫారం మీద బండెక్కి కిటికీలోంచి చూశాను. ఆయన ఆ మెట్ల మీదే నిలబడి, బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి పైకెత్తారు. నీళ్ళలో 'నేను బాగున్నాను' అని చెప్పే గుర్తు అది. దాన్ని అబద్ధానికి వాడకూడదని మాకు నేర్పింది ఆయనే.

బండి కదిలేదాకా ఆ చెయ్యి దించలేదు. రెండో చెయ్యి కమ్మీని వదల్లేదు.