తుడవని మెమరీ

అనంతపురంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో లెక్చరర్ నందిని, కంప్యూటరును లోపలినుంచి నడిపే లినక్స్ కెర్నల్ కోడు చదువుతుంటే, చూపుడువేలు తెర మీద వరుస వెంట నడుస్తుంది, పెదవులు కదులుతుంటాయి. వడగాలికి కీబోర్డు మీద ఎర్రదుమ్ము పడితే ఊదేసి, మళ్లీ మొదటి వరుస నుంచే చదువుతుంది. ఒకరు వాడి వదిలిన మెమరీని కెర్నల్ తుడవకుండా ఇంకొకరికి ఇచ్చే చోట్లను వెతకడం ఆమెకు ఇష్టమైన పని. 2009 వేసవిలో ఒక మధ్యాహ్నం అలాంటి చోటు దొరికింది. పరీక్షించడానికి చిన్న ప్రోగ్రామ్ రాసి నడిపితే, రావలసిన అంకెల వెనకే, అదే సర్వర్ మీద పనిచేస్తున్న తోటి లెక్చరర్ ఈశ్వరి తన పేరుతో ఒక స్నేహితురాలికి రాసిన మెయిలు ముక్క కనబడింది: "బయాప్సీ చేయాలన్నారు, అమ్మకు చెప్పొద్దు." నందిని చటుక్కున తెర ఆపేసింది. తర్వాత, ఇచ్చే ముందు మెమరీని సున్నాలతో నింపే ఒక్క వరుసను కోడులో చేర్చి, కెర్నల్‌ను కంపైల్ చేసి, దానితో సర్వర్‌ను తిరిగి మొదలుపెట్టి, సాయంత్రం అదే ప్రోగ్రామ్ మళ్లీ నడిపింది. ఈసారి ఆ అంకెల వెనక అన్నీ సున్నాలే వచ్చాయి.

లేచి వెళ్లి ఈశ్వరి పక్కన కూర్చుంది. "అక్కా, నీ మెయిల్లో ఒక ముక్క నా కంట పడినాది. ఇంక ఎవురికీ కనపడదులే, సరిచేసినా."

ఈశ్వరి కీబోర్డు పక్కకు జరిపింది. "ఇంట్లో ఎవురికీ చెప్పల్యా నందినీ. బెంగుళూరు ఆస్పత్రికి ఒక్కదాన్నే పోవల్లంటే భయంగా ఉండాది."

నందిని ఆమె చేతి మీద చెయ్యి వేసి, "ఎప్పుడు పోదామక్కా?" అంది.