గుట్ట దిక్కు టవర్

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్తున్న మా బస్సును చందుర్తి దాటాక రాస్తారోకోలో ఆపేశారు. ముందూ వెనకా బస్సులే. అందరూ దిగి ఒక్కసారే ఫోన్లు తీశారు. ఎవరు చేసినా ‘నెట్‌వర్క్ బిజీ’.

నా పక్క సీటాయన కూతురు సిరిసిల్ల బస్టాండులో ఒక్కతే నిలబడి ఉందట. తీసుకుపొమ్మని తమ్ముడికి చెప్పాలని ఆయన ఆగకుండా నంబరు నొక్కుతున్నాడు. సెల్ టవర్ల మీద రద్దీని సర్దే ఇంజినీరునై ఉండీ నేనూ అదే పని చేస్తున్నాను.

రోడ్డు పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒకామె మమ్మల్ని చూసి నవ్వింది.

"అందరు గీ ఒక్క టవర్ మీదనే పడ్డరు. మా ఊర్ల శుక్రారం గిట్లనే అయితది. మా మొగోళ్లుండే దుబాయిల సెలవు గదా, ఊరంత ఒక్కపారే చేస్తరు. నేనైతే ఊరి బయటికి పోత, ఆడ పక్కూరి టవర్ అందుతది. మీరు గా గుట్ట దిక్కు పోండ్రి. సగం మంది గటు పోతే ఈడున్నోళ్లకు గూడ కలుస్తది."

చెయ్యి ఊపి సగం మందిని మా వెంట తరిమింది. గుట్ట దగ్గర పక్క సీటాయన తమ్ముడు ఫోన్లో మొదటిసారికే పలికాడు. తిరిగొచ్చేసరికి రోడ్డు మీదున్నవాళ్లూ మాట్లాడుతున్నారు.

"మీరు చెయ్యలేదా అక్కా?"

"ఇయ్యాల మంగళారం సారూ. దుబాయిల మా ఆయన పనిల ఉంటడు," అని ఇంకో ఆకు అందుకుంది.

ఇప్పటికీ ఏ ఊరి టవర్ సరిచెయ్యడానికి వెళ్లినా, పనిముట్ల పెట్టె తెరవకముందే అక్కడివాళ్లను ఒక మాట అడుగుతాను.

"మీ ఊరికి శుక్రవారం ఏ రోజు?"