రాజ్యం ఆంటీ సైకిల్ ఎత్తు మీద ఎందుకు ఆగింది

రాజ్యం ఆంటీ ఇక లేరన్న వార్త నాకు మా బ్లాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. బూన్ లే స్టేషన్ దగ్గర రైల్లో ఉన్నాను, ఎప్పటిలాగే ఫోన్ చేతిలోనే ఉంది. "ఏడో అంతస్తు ఆంటీ సైకిల్ పక్కన పడిపోయి కనిపించారట. పోయారంటున్నారు" అని ఎవరో రాశారు. "తెలియకుండా నోటికొచ్చింది రాయకండి" అని మండిపడుతూ జవాబు కొట్టాను. అది పంపిన కాసేపటికే ఆంటీ భర్త మూర్తి అంకుల్ ఫోన్ చేశారు. "నవ్యా, మీ ఆంటీ వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. నా జవాబు ఇప్పటికీ ఆ గ్రూపులో ఉంది. తీసేయడానికి మనసొప్పలేదు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో మిక్సీయో రైస్ కుక్కరో ఆవిడ చేతుల్లో పునర్జన్మ ఎత్తినదే. కాకినాడలో ఫిజిక్స్ చదువుకుని, పెళ్ళయ్యాక మూర్తి అంకుల్‌తో ఈ దేశానికి వచ్చి, రిటైరయ్యేదాకా ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టెస్టింగ్ విభాగం నడిపిన మనిషి. బుకిట్ బటోక్‌లో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఎంఎస్ చదువుతున్న కూకట్‌పల్లి పిల్లని నేను. ఆవిడ గురించి రాయమని ఈ పత్రిక వేసే మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు నన్నే అడిగారు, "నీకు బాగా దగ్గర కదమ్మా" అని. దగ్గరే. అందుకే రాయడం కష్టంగా ఉంది.

మొదటిరోజు గది చూపించిన ఏజెంటుని ఫోన్లో తిడుతూనే వాళ్ళ గుమ్మంలో అడుగుపెట్టాను. అంకుల్ బెదిరిపోయారు. "ఈ అమ్మాయి మనకి వద్దేమో రాజ్యం" అని లోపల గొణగడం నాకు వినిపించింది. "ఉండనీయండి. ఇంత గట్టిగా అరిచే పిల్ల మనసులో ఏమీ దాచుకోదు. మనకే సుఖం" అన్నారు ఆవిడ. ఆ సాయంత్రమే నా ప్లేటులో రెండో గరిటె పులిహోర వడ్డిస్తూ, "ఏజెంటుకి ఇంకా చెవులు పనిచేస్తున్నాయా?" అని అడిగారు.

బజారుకీ, గుడికీ, ఎవరింట్లో ఫ్యాన్ తిరగకపోతే వాళ్ళింటికీ ఆవిడ ఎలక్ట్రిక్ సైకిల్ మీదే వెళ్ళేవారు. పెడల్ తొక్కుతుంటే మోటరు సాయం చేసే రకం. ఒకరోజు అది దారిలో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. నేను ఫోన్లో ఒక వీడియో చూసి తేల్చేశాను.

"కంట్రోలర్ పోయింది ఆంటీ, పక్కా. కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా."

"ఏం చూసి చెప్పావే?"

"వీడియోలో సేమ్ టు సేమ్ ఇట్లనే ఉంది."

"ఆ వీడియోలో ఉన్నది మన సైకిలేనా? ఫోన్ కింద పెట్టి ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇయ్యి."

సీటు కింద చిన్న అల్యూమినియం డబ్బాలో ఉండేదే కంట్రోలర్. బ్రేకు పట్టారా, పెడల్ తిరుగుతోందా, బ్యాటరీ ఎంత ఇస్తోంది అన్నవి వైర్ల ద్వారా తెలుసుకుని, మోటరుని నడపాలో ఆపాలో అదే నిర్ణయిస్తుంది. "తప్పుడు కబురు అందితే అదేం చేస్తుంది పాపం? ముందు కబురు మోసేవాళ్ళని పట్టుకో" అన్నారు ఆంటీ. బ్రేకు స్విచ్చు ప్లగ్గు పీకించారు. జబ్బు అలాగే ఉంది. "విప్పి పక్కన పెట్టినా జబ్బు పోలేదంటే అది నిర్దోషి. మళ్ళీ పెట్టెయ్, ఇంకోటి విప్పు" అన్నారు. తరువాత బ్యాటరీ తీయించి, చక్రాన్ని నా చేత్తో వెనక్కి తిప్పించారు. మోటరు వైర్లు కంట్రోలర్‌కి తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి. "ఏం తేడా ఉంది?" "ఏం లేదు, రెండుసార్లూ ఫ్రీగానే తిరుగుతుంది." "కంట్రోలర్ లోపల ఏదన్నా కాలిపోయి ఉంటే తగిలించినప్పుడు బరువుగా తిరిగేది. అన్యాయంగా దానికి ఉరిశిక్ష వేసేశావు."

చివరికి దొంగ దొరికింది. బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కి వెళ్ళే లావుపాటి వైరు ప్లగ్గులో వాననీళ్ళు దిగి, పిన్ను పచ్చగా చిలుమెక్కింది. కొత్త పిన్ను వెయ్యడం నాకు అప్పగించారు. వేశాను. స్టాండు మీద నిలబెట్టి పెడల్ చేత్తో తిప్పితే చక్రం రివ్వున తిరిగింది.

"ఇప్పుడు కిందకి తీసుకెళ్ళి బ్లాకు వెనక ఎత్తు మీద ఒకసారి తొక్కి చూడు. గాల్లో చక్రానికి బరువుండదు, ఏది పెట్టినా తిరుగుతుంది."

నాకు ఫ్రెండ్స్ వరసగా మెసేజ్‌లు పెడుతున్నారు. "తిరుగుతుంది కదా ఆంటీ! మీకు ఏదీ ఒకపట్టాన నమ్మకం కుదరదు. ప్రతిదానికీ ఇంకో టెస్టు!" అని అరిచి చేతులు కడుక్కున్నాను.

"సరేలే, వెళ్ళిరా" అన్నారు.

అది జరిగిన కొన్నాళ్ళకి ఒక ఉదయం ఆవిడ ఆ ఎత్తు మీదే పడిపోయారు. గుండె రక్తనాళాలు చాలాకాలంగా పూడుకుపోయి ఉన్నాయని, కుర్చీలో కూర్చుని ఉన్నా ఇది జరగొచ్చని డాక్టరు చెప్పారు. అందరూ ఆ మాట విని ఊరడిల్లారు. నా కళ్ళు మాత్రం కారిడార్లో ఉన్న సైకిల్ మీదే ఉన్నాయి. మోటరు ఆగిందా? నా పిన్ను వల్లే ఆవిడ ఆ బరువంతా ఎత్తు మీద నెట్టాల్సి వచ్చిందా?

కర్మకాండ అయిపోయాక అంకుల్ అన్నారు, "దాన్ని చూస్తుంటే నాకు బాగోలేదమ్మా. నువ్వే ఉంచుకో." కారిడార్లోనే పెడల్ తిప్పి చూశాను. చక్రం బ్రహ్మాండంగా తిరిగింది. అక్కడితో ఆపేయాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కిందకి తీసుకెళ్ళాను. పిలవకుండానే అంకుల్ కూడా వచ్చారు.

సగం ఎత్తులో మోటరు ఆగిపోయింది. కాలు కింద పెట్టి నిలబడ్డాను. అంకుల్ మెల్లగా నడుచుకుంటూ నా దాకా వచ్చారు.

"ఇక్కడేనా ఆగింది?"

"ఇక్కడే అంకుల్."

"అవును. ఇక్కడే ఆగుతోందని చెప్పేది. దిగి నడిపించుకుంటూ వచ్చేసేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు.

అంకుల్ సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నారు. "ఇదిగో, ఇందుకే" అన్నారు. "'నవ్యకి పరీక్షలున్నాయి. ఇప్పుడు చెబితే ముందు నా మీద అరుస్తుంది, తరవాత తనని తాను తిట్టుకుంటూ కూర్చుంటుంది. ఆ పరీక్షలు కానీయండి, ఇద్దరం కలిసి చూస్తాం' అంది."

ఇంటికొచ్చి ప్లగ్గు విప్పాను. అంకుల్ టార్చి పట్టుకున్నారు. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు పిన్నులోకి దూరిపోయింది. రాగిపోగులు ఒకటో రెండో మాత్రమే లోహాన్ని తాకుతున్నాయి. చక్రం గాల్లో తిరగడానికి అవి చాలు. మనిషిని మోస్తూ ఎత్తు ఎక్కడానికి చాలవు. మళ్ళీ వేశాను, కిందకి వెళ్ళి తొక్కాను. ఈసారి ఆగలేదు.

ఒక్కొక్కటీ విప్పి నిర్దోషిని తేల్చే ఆవిడ విద్య ఇక్కడ నాకు పనికిరాదు. ఆ ఉదయం నుంచి నా పిన్నుని తీసేసి, ఆ గుండెని మాత్రం అలాగే ఉంచి, ఆవిడని మళ్ళీ ఆ దారిన పంపి చూడలేను. డాక్టరు మాట నిజం కావచ్చు. కాకపోవచ్చు కూడా. తేల్చి చెప్పగలిగిన మనిషి మనకున్నది ఒక్కరే, ఆవిడే వెళ్ళిపోయారు. రేపు మీ ఇంట్లో ఏదన్నా ఆగిపోతే కొత్తది కొనుక్కుంటారు. ఎందుకు ఆగిందో పక్కన కూర్చుని మీ చేతే కనిపెట్టించే మనిషి ఈ ఊళ్ళో మనకిక దొరకరు.

ఇదంతా రాస్తానని అంకుల్‌తో చెప్పాను. వద్దన్నారు. నేను పట్టుబట్టాను. "సరే, నీ ఇష్టం. కానీ తిట్టుకుంటూ మాత్రం రాయకమ్మా. మీ ఆంటీ భయం అదే" అన్నారు.

చాలా ప్రయత్నించాను. కుదరలేదు ఆంటీ.