మెస్సు ఖర్చూ, మైనస్ కోడిగుడ్లూ

తొంభైల చివర నేను గుంటూరులో ఎమ్మే ఎకనామిక్స్ చదివాను. మాకు పాఠాలు చెప్పే మేడమే మా లేడీస్ హాస్టల్‌కి వార్డెన్ కూడా. పగలు బోర్డు మీద వంపుగీతలు గీసి కనిష్ఠ వ్యయం గురించి చెప్పేవారు. సాయంత్రం హాస్టల్లో అదే గొంతుతో ఫ్యాన్లు కట్టెయ్యమనేవారు. చివరి ఏడాది ప్రాజెక్టు ఏం చెయ్యమంటారని అడిగితే ఆవిడ ఆలోచించకుండానే చెప్పారు.

"మన మెస్సు మీదే చెయ్యమ్మా. పిల్లలకి పోషకాలు అందాలి, ఖర్చు తగ్గాలి."

డిపార్ట్‌మెంటులో కొత్తగా ఒక కంప్యూటర్ వచ్చింది. చెప్పులు బయట విడిచి, దాని మీద కప్పిన గుడ్డ తీసి, ఎదురుగా భక్తిగా కూర్చోవాలి. ఎక్సెల్‌లో సాల్వర్ అని ఒకటి ఉంటుంది. ఏ గడిలో అంకె తగ్గాలో, ఏ గడులు మార్చుకోవచ్చో, ఏ షరతులు తప్పకూడదో చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. మార్టూరు నుంచి వచ్చిన నా రూమ్మేట్ బియ్యం, కందిపప్పు, వేరుశెనగలు, గోంగూర, గుడ్లు అంటూ ధరలూ పోషకాలూ చదువుతుంటే నేను ఒక్క వేలితో టైపు కొట్టాను. ఒక మనిషి ఏదీ ఇంతకు మించి తినలేరని పై హద్దులు కూడా పెట్టి, మీట నొక్కాను.

గుడ్ల గడిలో మైనస్ అంకె వచ్చింది.

"మైనస్ గుడ్లేంటే? కోళ్ళకి తిరిగిచ్చెయ్యాలా?" అంది రూమ్మేట్.

పై హద్దు చెప్పాను గానీ, సున్నాకంటే కిందికి దిగకూడదని చెప్పడం మర్చిపోయాను. పాపం, యంత్రం గుడ్లు అమ్మేసి లాభం చేసుకుందామనుకుంది. ఆ షరతు కలిపాక బుద్ధిగా జవాబిచ్చింది: బియ్యం, వేరుశెనగలు, గోంగూర, కాస్త నూనె. ఖర్చు మేం కలలో కూడా అనుకోనంత తక్కువ. మేడమ్ కాగితం చూసి మురిసిపోయారు.

"ఆదివారం ఇదే వండిద్దాం."

వంటావిడ కాగితం రెండు వైపులా తిప్పి చూసింది. "కారం లేకుండా గోంగూరా? ఎవరికన్నా ఒంట్లో బాలేదా అమ్మా?"

నిజమే. కారం ఎదురుగా మేం పోషకాలేవీ రాయలేదు, ధర మాత్రం రాశాం. అందుకని సాల్వర్ దాన్ని పక్కన పడేసింది, అదీ గుంటూరులో. ఆదివారం మొదటి ముద్దకే హాలంతా గోలయింది.

"ఏమే, నీ కంప్యూటర్‌కి నాలిక లేదా?"

అమ్మాయిలు గదుల్లోకి పరుగెత్తి ఇళ్ళ నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసాలు పట్టుకొచ్చారు. నేను తల వంచుకుని తిన్నాను. మేడమ్ రెండు ముద్దలు గంభీరంగా మింగి, పక్కనున్న అమ్మాయి సీసా వైపు నెమ్మదిగా చెయ్యి చాచారు.

మర్నాటి నుంచి అందరూ నాకు షరతులు చెప్పడం మొదలుపెట్టారు. కారం ఇంత ఉండాలి, రోజూ పెరుగుండాలి, పప్పు పలచగా ఉండకూడదు. పప్పు పలచనని అంకెల్లో ఎలా రాయాలో తెలియక మిగతావన్నీ ఎక్కించాను. మేడమ్ కూడా తన షరతు చెప్పారు.

"వారానికి మూడుసార్లు బీట్‌రూట్. ఆడపిల్లలకి రక్తం పట్టాలి."

హాస్టల్లో బీట్‌రూట్ ఇష్టపడే ప్రాణి లేదు. ఆవిడ ముందు ఆ మాట అనే ప్రాణీ లేదు. ఈసారి జవాబుతోపాటు సాల్వర్ ఇంకో పట్టిక ఇచ్చింది. ఏ షరతు వల్ల ఎంత ఖర్చు పెరుగుతోందో అందులో ఉంటుంది. కారం వల్ల పెరిగింది చాలా తక్కువ. అన్నిటికన్నా పెద్ద అంకె ఎదురుగా ఉన్న పేరు చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నువ్వే చెప్పు. ప్రాజెక్టు నీది," అని రూమ్మేట్ జారుకుంది.

మేడమ్ వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నారు.

"ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్న షరతు ఎవరిదమ్మా?"

"మీదేనండి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పట్టిక మీదికి వంగారు. "మరి ఐరనో?"

"గోంగూరతో సరిపోతోందండి."

"ఏదీ, అది తీసేసి నొక్కు."

నొక్కాను. ఖర్చు దిగింది. మేడమ్ ఒక్కసారిగా నవ్వేశారు. రెండేళ్ళలో ఆవిడ నవ్వగా వినడం నాకదే మొదటిసారి. భయం పోయి నేనూ నవ్వాను.

"తగ్గించమన్నది నేనే కదా!" అన్నారు.

మెస్సులో బీట్‌రూట్ మానేశారు. నాకు మార్కులు బాగానే వచ్చాయి. ప్రాజెక్టులో ఏం రాశానని అమ్మాయిలెవరూ అడగలేదు గానీ, భోజనానికి వెళితే మాత్రం బెంచీ మీద జరిగి చోటిచ్చేవారు.