మామ ద్రాక్షతోటలో నా లివరు

కురుక్షేత్రం తర్వాత ఒకే పూటలో అంతమంది వరసగా నేలకొరిగిన ఘట్టం దేవనహళ్ళి పక్కన, మా మామ ద్రాక్షతోటలో జరిగింది. ఆ మహాకావ్యం ఇప్పుడు వినిపిస్తాను, సర్దుకుని కూర్చోండి. అయితే ముందే ఒప్పుకుంటున్నాను, మరీ కావ్యం కాదు. కూలినవి పందిరిని మోసే రాతి కంబాలు. వీరుణ్ణి నేను. ఆయుధం ఒక ఇనుప గొట్టం.

తొంభైలు ముగుస్తున్న రోజులు. నేను బెంగళూరులో మెకానికల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. అంటే ప్రపంచంలో మనకు తెలియనిదంటూ ఉండని ఏకైక సంవత్సరం. మూడో ఏట కొన్ని తెలియవని తేలుతుంది, కానీ నష్టం రెండో ఏటే జరిగిపోతుంది.

మామ నారాయణప్ప ఎక్కడినుంచో ఒక పాత తోట ట్రాక్టరు కొనుక్కొచ్చాడు. దున్నపోతు దూడంత ఉంటుంది, ద్రాక్షపందిరి కింద సాళ్ళ మధ్య హాయిగా దూరుతుంది. లోపం ఒక్కటే. వెనక ట్రాలీ తగిలించే బెజ్జం తప్ప ఇంకేమీ లేదు. ఇన్నాళ్ళూ ఎద్దులు లాగిన, కలుపు తీసే గుంటకను దానికి తగిలించేదెలా, సాలు చివర పైకి లేపేదెలా?

"హుక్కు నేను చేస్తా మామా," అన్నాను.

"అట్లయితే ఎద్దుల్ని ఏం జేద్దామప్పా?"

"ఇంకా ఎద్దులెందుకు మామా?"

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోవాలని ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, కుదరలేదు.

అత్త మాత్రం మామతో, "ఒక తూరి అది పని జేసేది సూసినాక అమ్మరాదా? పిల్లోడు ఇంకా సదువుకుంటా ఉండాడు," అంది.

"సదువుకుంటా ఉండాడు గాబట్టే నమ్మినా," అన్నాడు మామ. ఎద్దులు దొడ్డబళ్ళాపురం వెళ్ళిపోయాయి.

అప్పుడే కత్తిరింపు అయింది. తోటంతా బోడి కొమ్మలు, పైన బిగిసిన ఇనుప తీగలు. పందిరి కింద మామ నిటారుగా నడుస్తున్నాడు. నేను టేపు పెట్టి పందిరి ఎత్తు మూడుసార్లు కొలిచాను. బెంగళూరు చిక్కపేట వెళ్ళి లివరుకని లావుపాటి గొట్టం ఎంచి తెచ్చాను. పద్ధతి సులువు: లివరు కిందికి లాగితే గుంటక లేస్తుంది, వదిలితే గుంటక నేలలో దిగి లివరు నిటారుగా నిలబడుతుంది.

మా ఊరి వెల్డింగు బాషా గొట్టాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఇంత పొడుగేందప్పా, జెండా గట్టాల్నా?"

"లివరు పొడుగయ్యేకొద్దీ బరువు తేలికవుతుంది. అత్త కూడా ఒంటిచేత్తో లేపొచ్చు."

"మీయత్త లేపుతాది సరే. పందిట్లో దూరుతాదా?"

"కొలిచాను. నాలుగు వేళ్ళ సందుంది."

"నీ వేళ్ళా, నా వేళ్ళా?" అంటూనే అతికించాడు. పట్టు బాగుండాలని దాని కొనకు అడ్డంగా పిడి కూడా పెట్టించాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు హుక్కు చేసి చూడు అనలేదంటే, పాపం వాళ్ళకు డిప్లొమా లేదు.

నా పరీక్షలు, రెండుసార్లు విరిగిన అతుకులు, బాషా ఇంట్లో పెళ్ళి, అన్నీ కలిసి పని సాగింది. ఈలోగా కలుపు మోకాలెత్తు పెరిగింది. తీయడానికి ఎద్దులు లేవు. పందిరి నిండా గుత్తులు దిగి, పండి నల్లబడుతున్నాయి. ఆ ఏటి బతుకంతా మామకు ఆ గుత్తుల్లోనే ఉంది.

ఎట్టకేలకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి ట్రాక్టరెక్కాను. మామ ముందు నడుస్తూ దారి చూపించాడు. వంగి వంగి నడుస్తున్నాడు. నా ప్రతిభకు నమస్కరిస్తున్నాడనుకున్నాను. వెనక అత్త కూడా వంగే ఉంది. వద్దు అత్తా, పెద్దవాళ్ళు, అనుకున్నాను మనసులో.

మొదటి కంబం దగ్గర లివరు తీగ కింద నాలుగు వేళ్ళ సందుతో జారిపోయింది. అచ్చంగా నా లెక్క. గుంటక మట్టిలో దిగింది, కలుపు దొర్లిపోతోంది. రెండు కంబాల నడిమికి వచ్చాక ఇంజను కాస్త మూలిగింది. మట్టి గట్టిగా ఉందనుకుని ఇంకా తొక్కాను. వెనక అత్త చేతులూపుతోంది. నేనూ ఊపాను.

"నిలపరా, నిలపు," అంటోందని తర్వాత తెలిసింది.

నా పిడి తీగను చంకలో పెట్టుకుని లాగుతోంది. పంక్తిలో ఒకరు కూర్చుంటే మిగిలినవాళ్ళంతా వరసగా కూర్చున్నట్టు, కంబాలు ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. నాలుగు సాళ్ళ పందిరి నా నెత్తిన దుప్పటిలా పరుచుకుంది. ఇంజను దానంతటదే ఆగింది. ఆ పూట బుద్ధిగా ప్రవర్తించింది అదొక్కటే.

మామ తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ కథ ఇంతకన్నా సరదాగా చెప్పేవాణ్ణి. కిందపడిన గుత్తుల్లో చితకనివి ఏరి గంపలో పెట్టాడు. గంప నిండలేదు.

మర్నాడు ఎద్దుల కోసం దొడ్డబళ్ళాపురం వెళ్ళాడు. కొన్నవాడు వాటిని ఎప్పుడో చెయ్యి మార్చేశాడట. మామ తిరిగొచ్చి, ఖాళీ కొట్టంలో వేలాడుతున్న పలుపులు విప్పుతూ నాతో అన్నాడు:

"కాయకాలంలో ఎద్దులు తలకాయ దించుకోని పొయ్యేటివప్పా. వాటికెవురు సెప్పినారు కొలతలు?"

ఆ పాఠం మా సిలబస్‌లో లేదు.

కాబట్టి చిక్కపేట గొట్టాల అంగడి సాక్షిగా, ఆ రెండు ఎద్దుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా నా ముందు వంగి నడిస్తే, అది గౌరవమని పొరబడను, ముందు తలెత్తి పైన ఏముందో చూస్తాను.

కాయ మీదున్న పందిరి బరువుకు కంబాల నడిమిన జానెడు దిగుతుంది. బాషా లివరును జానెడున్నర కోశాడు. పావుగంట పని.