నరుమి గారు చూసిన ఎడమ అంకె

మా హచినోహె రేవులో ఎవరిని కదిపినా, ససమోరిని, అంటే నన్ను, బతికించింది పెద్ద సర్జన్ గారే అంటారు. కాదనను, ఆయనకు రోజూ తల వంచుతాను. కానీ నరుమి చిజుకో పేరు ఒక్కరి నోటా రాదు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ముప్పై నాలుగేళ్ళుగా చేపలు వేలం వేయడమే నా పని. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బిందనీ, కోసి కొత్త గొట్టం కుట్టకపోతే ఏ రోజైనా పగులుతుందనీ డాక్టర్లు చెప్పారు. చావంటే నాకు పెద్ద భయం లేదు. ఆపరేషన్‌లో మెదడుకు రక్తం అందక మాట పడిపోవచ్చన్నారు చూడండి, దానికి హడలిపోయాను. నోరు లేకపోతే నేనెందుకు పనికొస్తాను?

ఆపరేషన్‌కు ముందురోజు నరుమి గారు నా మంచం దగ్గరకు వచ్చారు. నలభై దాటిన మనిషి, పొట్టిగా, నెమ్మదిగా ఉన్నారు.

"రేపు మీ గుండె ఆగినంతసేపు దాని బదులు రక్తం తిప్పే మెషీన్ నడిపేది నేనేనండి. ఒళ్ళు బాగా చల్లబరిచి, కాసేపు రక్తం ఆపేస్తాం. తలకు మాత్రం మూడు సన్నగొట్టాల్లోంచి పంపిస్తూనే ఉంటా."

"అంటే నన్నూ చేపలాగే మంచులో పెడతారన్నమాట," అన్నాను చిరాగ్గా. "కాలు పోయినా సర్దుకుంటా. మాట పోతే మాత్రం నన్ను లేపొద్దు."

ఆమె నవ్వలేదు. "మాట ఎక్కువగా మెదడులో ఎడమవైపు ఉంటుందండి. చూస్తూనే ఉంటాను," అన్నారు.

లోపల జరిగింది తర్వాత సర్జన్ గారే చెప్పారు. నుదుటి మీద రెండు పట్టీలు అంటిస్తారట. మెదడుకు ప్రాణవాయువు ఏపాటి అందుతోందో కుడికొకటి, ఎడమకొకటి అంకె చూపిస్తాయి. ఈయన కుట్లు వేస్తుంటే ఆమె, "ఎడమ పడిపోతోందండి," అన్నారు. "పట్టీ జారి ఉంటుందిలే," అన్నారు ఈయన, సూది ఆపకుండా. మా దగ్గర పెద్దవాడు ఒక మాట అన్నాక మళ్ళీ నోరెత్తడమే తప్పు. ఆమె రెండోసారీ చెప్పారు. మూడోసారి, "పట్టీ నొక్కి చూశాం, జారలేదు. అంకె ఇంకా దిగుతోంది. మీరు గొట్టం చూసేదాకా చెబుతూనే ఉంటానండి," అన్నారు.

చూస్తే ఎడమ గొట్టం పక్కకు జరిగి ఉంది. సరిచేశాక అంకె లేచింది. "వినడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, క్షమించండి," అని ఆ పెద్దాయన నా ముందు తల వంచారు. ఆయన మీద గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

ఇదంతా తెలియక ముందు, మర్నాడు, నా నోట్లో గొట్టం తీసిన నర్సు పదిదాకా లెక్కపెట్టమంది. లెక్కపెట్టాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "మాట తేడాగా వస్తోంది," అంటూ డాక్టరుకు ఫోన్ చేసింది. మత్తులో నా నోటికి వచ్చినవి వేలం అంకెలు. మా రేవులో ఒకటికీ రెండుకీ కూడా వేరే పేర్లున్నాయి, బయటివాళ్ళకు అవి పిచ్చికూతలే. నాకు మాత్రం అదేమీ తట్టలేదు. మాట పోయిందనుకుని పడుకునే ఏడ్చాను.

అప్పుడే నరుమి గారు వచ్చారు. ఆ ఎడమ అంకె దిగిన సంగతి మనసులో పీకుతుంటే ఇంటికి పోలేక బయటే కూర్చున్నారట.

"ఇంకోసారి చెప్పండి," అన్నారు. చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"ఈయనకేం కాలేదమ్మా," అన్నారు నర్సుతో. "కానాగంత చేపలు వేలం వేస్తున్నారు. మా నాన్నదీ ఆ రేవులో పడవే."

నావైపు తిరిగి, వేలంలో కొనేవాళ్ళలాగే రెండు వేళ్ళు ఎత్తారు. నేను ధర పలికాను. గొంతు బొంగురుగా ఉంది కానీ ఒక్క అంకె తప్పలేదు. ఆమె మాస్కు తడిసిపోతోంది.

"పంతొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నానండీ ఈ పని. గుండె మళ్ళీ కొట్టుకోగానే నా పని అయిపోతుంది, వెళ్ళిపోతాను. నా చేతుల్లోంచి వెళ్ళిన మనిషి మాట్లాడితే వినడం ఇదే మొదలు."

కుర్చీ మంచం దగ్గరకు లాక్కున్నారు.

"ఇంకో పెట్టె చేపలు వేలం వెయ్యండి."